ఎవరి సొమ్మో చెప్పే పేరు

అమెరికాలో క్రెడిట్ యూనియన్‌కు పేరు మార్చడం ఇవాళ ఒక వ్యాపారం. అందుకు సలహా సంస్థలున్నాయి, అభిప్రాయ సేకరణలున్నాయి, ట్రేడ్‌మార్కు లాయర్లున్నారు. పేరు పొట్టిగా ఉండాలి, తేలిగ్గా నోరు తిరగాలి, ఏ ఊరికీ ఏ కంపెనీకీ కట్టేసినట్టు ఉండకూడదు, రేపు పక్క రాష్ట్రంలో శాఖ తెరిస్తే అక్కడివాళ్లకు పరాయిగా తోచకూడదు. వాళ్లు చెప్పే సూత్రాలు ఇంచుమించు ఇవే. అలయంట్, కినెక్టా, లాజిక్స్, ట్రూలియంట్ ఈ పద్ధతిలో పుట్టిన పేర్లే. బలమైన పేరంటే ఇలా ఉండాలన్నది ఇప్పుడు స్థిరపడిన అభిప్రాయం. సభ్యులే యజమానులైన ఈ పరపతి సంఘాల నూట అరవై ఏళ్ల చరిత్ర మాత్రం దానితో ఏకీభవించదు. ఎవరి సొమ్ము ఎవరికి అప్పుగా పోతోందో, ఎవరికి ఎవరు పూచీ పడుతున్నారో సంఘం పేరే చెప్పినన్నాళ్లు దానికి ప్రచారం అక్కర్లేకపోయింది. ఆ సంగతి చెప్పడం మానేశాకే పేరును జనానికి నేర్పడానికీ, కోర్టులో కాపాడుకోవడానికీ సభ్యుల డబ్బు ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

మొదట జర్మనీ సంగతి. అక్కడి పట్టణాల్లో చేతివృత్తులవాళ్లకూ చిన్న వర్తకులకూ పరపతి సంఘాలు పెట్టించిన హెర్మన్ షుల్జె ప్రష్యా చట్టసభకు వెళ్లేసరికి అక్కడ షుల్జెలు చాలామంది తేలారు. ఏ షుల్జె ఎవరో తెలియడానికి ఆయన తన ఊరి పేరు తగిలించుకుని షుల్జె-డెలిట్ష్ అయ్యాడు. సహకార పరపతికి ఆద్యుడనిపించుకున్న మనిషికే ఇంటిపేరు చాలక ఊరిపేరు అవసరమైందన్నమాట. పల్లెల్లో పనిచేసిన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ 1864లో పెట్టిన సంఘానికి హెడ్డెస్‌డార్ఫ్ రుణ సంఘం అని పేరు. ఊరూ, చేసే పనీ, అంతకుమించి ఏమీ లేదు. కవిత్వం లేని ఆ పేరు వెనక గట్టి ఏర్పాటు ఉంది. రైఫైజెన్ సంఘాల్లో సభ్యుల పూచీకి హద్దు లేదు. ఒకడు ఎగ్గొడితే మిగిలినవాళ్ల పొలమూ పుట్రా దానికి జవాబు చెప్పాలి. అలాంటి పూచీ ఒకరి నడవడి ఒకరికి తెలిసినచోటే నిలుస్తుంది కాబట్టి సంఘం ఒక ఊరినో, ఒక చర్చి పరిధినో దాటకూడదని ఆయన పట్టుబట్టాడు. బయటినుంచి ఆ సంఘానికి అప్పు ఇచ్చేవాడు పేరు చదివితే చాలు, తన డబ్బుకు తాకట్టు ఏమిటో తెలిసిపోయేది. తాకట్టు ఆ ఊరే.

అట్లాంటిక్ దాటాక కూడా ఇదే నడిచింది. కెనడా పార్లమెంటులో చర్చలను నమోదు చేసే ఉద్యోగం చేసిన ఆల్ఫోన్స్ డెజార్డాన్ 1900 డిసెంబరులో క్విబెక్ రాష్ట్రంలోని తన ఊరు లెవీలో జనతా పొదుపు సంఘం స్థాపించాడు. మరుసటి జనవరిలో పొదుపు కట్టించుకోవడం మొదలుపెట్టిన రోజు వచ్చిన మొత్తం 26 డాలర్ల 40 సెంట్లు. దాని పేరులో కూడా ఊరే ఉంది. తర్వాత క్విబెక్ అంతటా పుట్టిన వందల సంఘాలు ఏ చర్చి పరిధిలో ఉంటే ఆ సెయింటు పేరు పెట్టుకున్నాయి. 1908లో అమెరికాలోని న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లో బట్టల మిల్లుల్లో పనిచేసే ఫ్రెంచి కెనడియన్ల కోసం ఫాదర్ పియేర్ హెవీ, డెజార్డాన్ సాయంతో ఇలాంటిదే పెట్టించాడు. ఆ చర్చి సెయింట్ మేరీది కాబట్టి సంఘమూ ఆ పేరే మోసింది. అమెరికాలో మొదటి క్రెడిట్ యూనియన్ అదే. ఇంగ్లిషు సరిగా రాని మిల్లు కూలీకి బ్యాంకు గడప తొక్కడమంటే జంకు. ఆదివారం తాను మోకరిల్లే చోటి పేరున్న సంఘంలో నాలుగు డబ్బులు దాచుకోవడానికి మాత్రం ఎవరూ నచ్చచెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన వైపు నుంచి ఒక దారం కలుస్తుంది. రైతుల అప్పుల బాధకు మందేమిటో చూడమని మద్రాసు ప్రభుత్వం పురమాయిస్తే ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపా సంఘాలను పరిశీలించి 1895, 1897లలో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే. రైఫైజెన్ పద్ధతే ఈ దేశానికి సరిపోతుందన్నది ఆ నివేదిక తేల్చిన మాట. దాని వెనకే 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఒకే ఊరివాళ్లో, దగ్గరదగ్గర ఊళ్లవాళ్లో, లేదా ఒకే తెగ, వర్గం, కులం వాళ్లో కనీసం పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. గ్రామీణ సంఘాలకు హద్దులేని పూచీ పెట్టింది. 1912 చట్టం ఇంకో అడుగు వేసి, పూచీకి హద్దున్న సంఘం పేరు చివర లిమిటెడ్ అని ఉండి తీరాలంది. రిజిస్టరు కాని వ్యాపారాలు సహకార అన్న మాట పేరులో పెట్టుకోకుండా నిషేధించింది. పేరు విషయంలో ఆనాటి చట్టకర్తలకు ఉన్న పట్టింపు ఇది. పేరు చదివినవాడు మోసపోకూడదు. 1904 చట్టం వచ్చిన కొద్దికాలానికే, 1907లో, బోస్టన్ దుకాణాల యజమాని ఎడ్వర్డ్ ఫైలీన్ ప్రపంచయాత్రలో బెంగాల్ పల్లెలకు వచ్చి ఈ సంఘాలను కళ్లారా చూశాడు. తిరిగి వెళ్లాక అమెరికా క్రెడిట్ యూనియన్ ఉద్యమానికి దశాబ్దాలపాటు డబ్బూ పేరూ ఇచ్చి నిలబెట్టింది ఆయనే. మసాచుసెట్స్ రాష్ట్రం 1909లోనే క్రెడిట్ యూనియన్ చట్టం చేసింది.

అమెరికాలో ఊరి స్థానాన్ని త్వరలోనే ఉద్యోగం ఆక్రమించింది. 1934 నాటి ఫెడరల్ చట్టం సభ్యుల మధ్య ఉమ్మడి బంధం ఉండాలంది. ఒకే పనిచోటైనా కావాలి, ఒకే సంఘసభ్యత్వమైనా కావాలి, స్పష్టమైన హద్దులున్న పేటో పల్లెప్రాంతమో అయినా కావాలి. ఆర్థిక మాంద్యం నాటి రోజులవి. వాషింగ్టన్‌లో 1933లో నౌకాదళ శాఖ ఉద్యోగులు ఏడుగురు కలిసి తమ సంఘం పెట్టుకున్నారు. 1935లో సియాటిల్‌లో బోయింగ్ కంపెనీ కార్మికులు పద్ధెనిమిదిమంది కలిసి బోయింగ్ ఉద్యోగుల క్రెడిట్ యూనియన్ పెట్టారు. పనికి కావలసిన పనిముట్లు కార్మికుడే కొనుక్కోవాల్సిన కాలం కాబట్టి వాటికోసం చిన్న అప్పులు ఇవ్వడం వాళ్ల తొలి పని. అదే ఏడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులు తమది పెట్టుకున్నారు. అంతకు ముందటేడు కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ టీచర్లు పెట్టుకున్నారు. ఈ పేర్లన్నీ హాజరుపట్టీ చదివినట్టే ఉంటాయి. చదివితే చాలు, యజమానులూ అప్పుదారులూ ఒక్కరేనని తెలుస్తుంది. అప్పు అడిగినవాడు ఏ షెడ్డులో పనిచేస్తాడో, ఆ నెల జీతమెంతో అప్పిచ్చే కమిటీకి ముందే తెలుసు. వాయిదా జీతంలోంచే కోసుకుంటారు. ఆస్తి తాకట్టు లేకుండా అప్పివ్వగల ధైర్యం ఆ ఎరుకలోంచి వచ్చింది. 1969 నాటికి దేశంలో ఇలాంటివి దాదాపు 24 వేలు. వాటిలో చాలావాటికి బయట బోర్డు కూడా ఉండేది కాదు, ఫ్యాక్టరీలో ఒక మూలగది చాలు.

ఆ ఫ్యాక్టరీలు మూతపడటం మొదలయ్యాక కథ మారింది. ఒకే కంపెనీ మీద ఆధారపడ్డ సంఘం ఆ కంపెనీతోపాటే మునుగుతుంది. అందుకని 1982లో నియంత్రణ సంస్థ ఒక వెసులుబాటు ఇచ్చింది. తమలో తమకు ఉమ్మడి బంధం ఉన్న వేర్వేరు బృందాలను ఒకే క్రెడిట్ యూనియన్ చేర్చుకోవచ్చంది. ఈ దారిన బాగా సాగిన సంఘాల్లో ఒకదాని చరిత్ర పేర్ల దృష్టితో చూస్తే మిగతావన్నీ అందులోనే ఉన్నాయనిపిస్తుంది. నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కార్మికులు 1952లో రేడియో షాప్స్ క్రెడిట్ యూనియన్ పెట్టుకున్నారు. వాళ్లు పనిచేసే షాపుల పేరే అది. తర్వాత అది మాతృసంస్థ పేరుతో ఏటీ అండ్ టీ ఫ్యామిలీ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ అయింది. 1990లలో వివాదం సుప్రీంకోర్టుకు చేరేసరికి దానికి 1,10,000 మంది సభ్యులున్నారు. వాళ్లలో ఏటీ అండ్ టీ ఉద్యోగులు 35 శాతమే. మిగతావాళ్లలో లీ బట్టల కంపెనీ, కోకాకోలా బాట్లింగ్ కంపెనీ, డ్యూక్ పవర్, అమెరికన్ టొబాకో ఉద్యోగులు కూడా ఉన్నారు. పేరులో ఫ్యామిలీ అని ఉంది, కుటుంబం మాత్రం ఎప్పుడో చెదిరిపోయింది. పన్ను మినహాయింపున్న క్రెడిట్ యూనియన్లు హద్దు దాటి తమ ఖాతాదారులను లాక్కుంటున్నాయని బ్యాంకులు దావా వేశాయి. 1998 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో బ్యాంకుల వైపే తీర్పిచ్చింది. సభ్యులందరినీ కలిపే ఒకే ఉమ్మడి బంధం ఉండాలన్నదే చట్టం మాట అని తేల్చింది. అదే ఏడు ఆగస్టు 7న కొత్త చట్టం వచ్చి ఆ తీర్పును పక్కకు నెట్టి, బృందాలను కలుపుకోవడానికి దారి తెరిచింది. సాధారణంగా ఒక్కో బృందం మూడు వేలకు మించకూడదన్న కట్టు మాత్రం పెట్టింది.

చట్టం దారి తెరిచిన మరుసటి ఏడే ఆ సంఘం ట్రూలియంట్ అని పేరు మార్చుకుంది. ఎవరినీ బయట ఉంచని పేరు, కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పని పేరు. ఇరవై ఏళ్లు డబ్బు పోసి దానికి ఆ ప్రాంతంలో గుర్తింపు తెచ్చుకున్నారు. ఇంతలో 2019లో అదే విన్‌స్టన్-సేలం కేంద్రంగా ఉన్న బీబీ అండ్ టీ బ్యాంకు, అట్లాంటాలోని సన్‌ట్రస్ట్ బ్యాంకుతో విలీనమవుతూ ఉమ్మడి సంస్థకు ట్రూయిస్ట్ అని పేరు ప్రకటించింది. కొద్దిరోజుల్లోనే ట్రూలియంట్ కోర్టుకెక్కింది. రెండు పేర్లూ చెవికి ఒక్కలాగే ఉన్నాయని, సభ్యులు తికమకపడతారని దాని ఫిర్యాదు. వ్యవహారం చివరికి రాజీతో ముగిసింది. ఒక్క ఊళ్లో ఒక బ్యాంకూ, బ్యాంకులకు ప్రత్యామ్నాయంగా పుట్టిన సంఘమూ ఒకే అక్షరాల కోసం పోట్లాడుకునే స్థితి ఎలా వచ్చిందో ఆలోచిస్తే నవ్వూ వస్తుంది, చిరాకూ వస్తుంది. రేడియో షాప్స్ అన్న పేరును ఏ బ్యాంకు దొంగిలిస్తుంది? దొంగిలించి ఏం చేసుకుంటుంది? సభ్యుల బతుకులోంచి వచ్చిన పేరు పోటీదారుడికి పనికిరాదు. నమ్మకం, సత్యం, ఐక్యత లాంటి గాలి మాటల చుట్టూ అల్లిన పేరు అందరికీ పనికొస్తుంది, కాబట్టి దాన్ని లాయర్లే కాపాడాలి.

దీనికి వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. కంపెనీ పేరు అంటిపెట్టుకుని మునిగిపోమంటారా? న్యాయమైన ప్రశ్నే. యునైటెడ్ ఉద్యోగుల సంఘం 2003లో అలయంట్ అయిన సమయానికి యునైటెడ్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణలో ఉంది. విమానసంస్థ పేరు మోస్తే ఆ భయం డిపాజిటర్లకూ పాకుతుందన్న ఆందోళన ఊహించలేనిదేమీ కాదు. పేరు మార్చుకున్న అలయంట్ దేశంలోని పెద్ద క్రెడిట్ యూనియన్లలో ఒకటిగా ఎదిగింది కూడా. హ్యూస్ విమాన కంపెనీ ఉద్యోగులది 2001లో కినెక్టా అయింది, లాక్‌హీడ్ వాళ్లది 2012లో లాజిక్స్ అయింది. వీళ్లు పేరు మార్చకుండా ఉండాల్సింది అనడం నా ఉద్దేశం కాదు. సభ్యులు మారినప్పుడు పాత పేరే అబద్ధమవుతుంది. ఏటీ అండ్ టీ ఫ్యామిలీ అన్నది 1998 నాటికి అబద్ధమే. నా అభ్యంతరం మార్పు మీద కాదు, మార్చేటప్పుడు పాత బంధాన్ని పూర్తిగా చెరిపేయడం మీద. చెరపకుండా మార్చినవాళ్లూ ఉన్నారు. బోయింగ్ ఉద్యోగుల సంఘం తన పొడి అక్షరాలనే పేరుగా పెట్టుకుని బీఈసీయూ అయింది. ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండేవాళ్లెవరైనా చేరవచ్చు, మొదటి అక్షరం మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చామో చెబుతూనే ఉంటుంది. ఆరెంజ్ కౌంటీ టీచర్ల సంఘం కౌంటీ దాటి పెరిగాక 2008లో స్కూల్స్ ఫస్ట్ అయింది. ఊరు వదులుకుంది, బడిని వదల్లేదు. కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యోగుల ఒకటో నంబరు క్రెడిట్ యూనియన్ 1977లో గోల్డెన్ 1 అయింది. రాష్ట్రానికున్న ముద్దుపేరులోంచి ఒక ముక్క, పాత పేరులోని తన నంబరు తీసుకుని కుట్టిన పేరు అది. ఈ మూడింటిలోనూ గోల్డెన్ 1దే కొంచెం బలహీనమైన కుట్టు. అందుకేనేమో, శాక్రమెంటోలో బాస్కెట్‌బాల్ మైదానం మీద ఆ పేరు ఉంచడానికి 20 ఏళ్లకు 12 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తమ సంఘమేదో గుర్తుచేయడానికి దాన్ని పెట్టుకున్న 1933 నాటి గుమాస్తాలకు ఏ మైదానమూ కావలసి రాలేదు.

ఇంకో అభ్యంతరం మరింత పదునైనది. పాత పేరుతోనే నెగ్గిన సంఘాలను చూపించి వాదించడం తేలికే, కానీ వాటి గెలుపు పేరుదా, పేరు వెనక ఉన్న జనం సంఖ్యదా? నౌకాదళం పేరు మోసే నేవీ ఫెడరల్ ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద క్రెడిట్ యూనియన్, సభ్యులు కోటీ నలభై లక్షలు దాటారు. సైన్యం మూతపడదు, కొత్తవాళ్లు ఏటా చేరుతూనే ఉంటారు, సైన్యంలోని మిగతా విభాగాలకూ వాళ్ల కుటుంబాలకూ తలుపు తెరిచారు. బట్టల మిల్లుకు ఆ అదృష్టం లేదు. ఒప్పుకోవాల్సిందే. అయితే రెండో వైపున మసాచుసెట్స్‌లోని డిజిటల్ ఫెడరల్ క్రెడిట్ యూనియన్ ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగుల కోసం 1979లో పుట్టింది. ఆ కంపెనీని 1998లో కాంపాక్ కొనేసింది, కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ కొనేసింది. కంపెనీ పోయాక రెండు దశాబ్దాలకు పైగా సంఘం పేరు మార్చలేదు, పెరుగుదలా ఆగలేదు. మాతృసంస్థ చనిపోతే దాని పేరున్న సంఘమూ చావాలన్న నియమం లేదని చూపడానికి ఈ ఒక్కటి చాలు. డిజిటల్ అన్న మాటకు తర్వాతి కాలంలో వచ్చిన మోజు కలిసొచ్చిందని ఎవరైనా అంటే కాదనలేం. కాకతాళీయాలు చరిత్రలో భాగమే.

పేరు నిజం చెప్పినంత మాత్రాన సంఘం బాగుపడుతుందా అని తెలుగు పాఠకుడు అడగవచ్చు. అడిగే హక్కు అతనికి ఎక్కువే ఉంది. మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలన్నిటికీ ఊరి పేరే. రైఫైజెన్ చూస్తే మురిసిపోయేవాడు. రైతు దాన్ని ఉత్త సొసైటీ అంటాడు. ఎన్నో సొసైటీల్లో ఎరువుల బస్తాలూ పైనుంచి వచ్చే అప్పూ తప్ప తన పొదుపు ఏమీ లేదని అతనికి తెలుసు. ఊరి పేరున్నా ఊరి సొమ్ము లేకపోతే ఆ పేరు కూడా నిజం చెబుతున్నట్టు కాదు. మరోవైపు జంటనగరాల్లో ఆకర్షణీయమైన పేర్లతో వెలిసిన కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులు 2001 నుంచి వరసగా కూలి డిపాజిటర్లను వీధిన పడేశాయి. వాటిని ముంచింది పేరు కాదు, అప్పులిచ్చిన తీరు. ఆ అప్పులిచ్చినవాళ్లెవరో, పుచ్చుకున్నవాళ్లెవరో మాత్రం డబ్బు దాచుకున్నవాళ్లలో చాలామందికి తెలియదు, తెలిపే పేర్లూ కావవి. సంఘాలు బ్యాంకు అన్న మాట తగిలించుకోవడం మీద రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో జనాన్ని హెచ్చరించడం కూడా ఇదే జబ్బుకు. లైసెన్సు లేని సంఘం ఆ మాట వాడితే, లేని బీమా ఉందనుకుని జనం డబ్బు కడతారు.

యజమానులకు కావలసిన పేరునూ, సరుకుకు కావలసిన పేరునూ విడదీసి చూసుకున్నచోట చిక్కు తగ్గింది. తెలంగాణలోని ముల్కనూరు సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వాన పుట్టింది. చుట్టుపక్కల ఊళ్లకు విస్తరించినా పేరులో ముల్కనూరే ఉంచుకుంది. దాని ఒరవడిలో అక్కడి మహిళలు పెట్టుకున్న పాడి సహకార సంఘమూ ముల్కనూరు పేరే పెట్టుకుంది. పాల ప్యాకెట్టు మీద మాత్రం స్వకృషి అని ఉంటుంది. ప్యాకెట్టు పట్నంలో ఎవరో కొంటారు, వాళ్లకు ముల్కనూరు ఎక్కడుందో తెలియనక్కర్లేదు. సంఘం మాత్రం పాలు పోసే మహిళలది, దానికి వాళ్ల ఊరి పేరే కావాలి. అమెరికా సలహాదారులు ఈ రెండు పేర్లనూ ఒకటి చేయబోయి ఇక్కట్లలో పడ్డారు. సరుకుకు పెట్టాల్సిన పేరు యజమానులకు పెట్టారు.

హద్దు గీసే పేరు బయటివాళ్లను తోసేస్తుందన్న ఆరోపణ ఇక మిగిలింది. 1904 చట్టంలో కులం అన్న మాట ఉందన్నది మరవకూడనిది. తన దుకాణంలో పదిమందే పనివాళ్లున్న మనిషి సొంతంగా క్రెడిట్ యూనియన్ పెట్టుకోలేడు, పెద్ద కంపెనీ పేరున్న సంఘం అతణ్ణి రానివ్వదు. 1982 నాటి సడలింపు, 1998 నాటి చట్టం అలాంటివాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. కానీ తలుపు తెరిచింది చట్టమూ, బైలా మార్పూ. బోర్డు మీది మాట కాదు. బీఈసీయూలో టీచరు చేరవచ్చు, స్కూల్స్ ఫస్ట్‌లో బడి బంట్రోతు చేరవచ్చు. లోపలికి వచ్చినవాడికి ఈ ఇల్లు ఎవరు కట్టారో తెలిస్తే నష్టమేమిటి? అందరిదీ అనిపించేలా తీర్చిన పేరు చూసి ఖాతా తెరిచినవాడికి తాను ఖాతాదారుణ్ణా, వాటాదారుణ్ణా అన్నది కూడా తెలియకుండా పోతోంది. ఏటా డైరెక్టర్లను ఎన్నుకునే సమావేశానికి పిలిస్తే రావాలని అతనికి ఎందుకు తోస్తుంది? 24 వేల సంఘాలు విలీనాలతో 5 వేల లోపుకు కుదించుకుపోయిన దేశంలో ఈ ప్రశ్న పేర్ల ముచ్చటకు మించినది.

ఫెడరల్ క్రెడిట్ యూనియన్ పేరు మార్చడానికి సర్వసభ్య సమావేశంలో ఓటింగు అక్కర్లేదు. బోర్డులో మూడింట రెండొంతులమంది ఒప్పుకుని, నియంత్రణ సంస్థ సరేనంటే పని అయిపోతుంది. మన సహకార చట్టాల్లో పేరు బైలాలో భాగం, బైలా సవరణ సర్వసభ్య సమావేశం ముందుకు రావాల్సిందే. ఆ సమావేశాలు చాలాచోట్ల ఎలా జరుగుతాయో తెలిసిందే అయినా, సంఘం ఎవరిదో వాళ్లను అడిగి పేరు మార్చాలన్న నిబంధన కాగితం మీదైనా ఇక్కడ మిగిలి ఉంది.